మా ఊరి రేవు

సముద్రం లేని ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి సముద్రమంటే సినిమాల్లో హీరో హీరోయిన్లు పరుగెత్తే చోటు. లేకపోతే వార్తల్లో తుఫాను హెచ్చరిక చెప్పేటప్పుడు వినిపించే మాట. మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్ళకి చెరువు తెలుసు, కాలవ తెలుసు, ఎండాకాలంలో బండల మధ్య సన్నగా పారే ఏరు తెలుసు. “మీకు సముద్రం లేదు కదూ, పాపం!” అని కోస్తా చుట్టాలు జాలిపడితే, “అవును, పాపం!” అని మామీద మేమే జాలిపడుతూ ఉంటాం.

నేను మాత్రం ఆ జాలి పుచ్చుకోను. బి.ఏ.లో చరిత్ర చదువుకున్న పుణ్యమో పాపమో గాని, మా ఊరికి రేవు ఉందని నాకు గట్టి నమ్మకం. ఆ రేవు పేరు బందరు. కాకపోతే ఊరికీ రేవుకీ నడుమ రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం ఉంది. అంతే!

“రెండొందల కిలోమీటర్ల అవతల ఉన్నది మన రేవెట్లయితది?” అన్నారు మా వారు. ఆయన లెక్కల మనిషి. ఇలాంటి ప్రశ్నలకి ఇంట్లో కూర్చుని జవాబు చెప్పడంకన్నా బయలుదేరదీసి చూపించడమే మేలు. మాఘమాసంలో రెండు రోజులు సెలవు కలిసివస్తే, తెల్లవారుజామునే కారెక్కాం. మా వారు, ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి, డెబ్బై దాటినా ఇంతవరకూ సముద్రం మొహం చూడని మా అత్తమ్మ, నేను. కోదాడలో ఎక్కడానికి మా ఆడపడుచు సిద్ధంగా ఉంది. పులిహోర, సజ్జరొట్టెలు, చింతకాయ తొక్కు సరేసరి. అవి లేకుండా మా ఇంట్లో చరిత్ర పాఠం కూడా మొదలవదు.

మొదటి మజిలీ పిల్లలమర్రి. సూర్యాపేట పక్కనే. “సముద్రానికని చెప్పి గుడి దగ్గర ఆపిస్తవేందమ్మా?” అని మావాడు గొణిగాడు. ఆపించడానికి కారణం ఉంది. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం ఇక్కడే ఉంది. నల్లరాతి స్తంభాలు ఇప్పటికీ నున్నగా మెరుస్తుంటాయి. మొగుడి పేరుమీద కాకుండా తన పేరుమీద దేవుణ్ణి నిలబెట్టుకున్న ఇల్లాలు! ఆ సంగతి మా అత్తమ్మకి ఎంత నచ్చిందో చెప్పలేను. ఊళ్ళో కాకతి గణపతిదేవుడి కాలపు శాసనం ఉంది. నేను పిల్లలకి చూపించాలనుకున్నది దాన్నే.

ఎందుకంటే ఇక్కడ రాతిమీద కనిపించే ఆ రాజే, సముద్రపొడ్డున మరో రాతిమీద మాట ఇచ్చాడు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో 1244-45లో ఆయన వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు ఒక దేశం నుంచి మరో దేశానికి పోయే ఓడ తుఫానుకి దారితప్పి తమ ఒడ్డుకి కొట్టుకొస్తే, అందులో సరుకంతా ఆ ఒడ్డు ఏలే రాజులు లాక్కునేవాళ్ళు. ప్రాణం దక్కించుకుని ఒడ్డున పడ్డవాడికి బట్టలు దక్కితే గొప్ప. గణపతిదేవుడు ఆ అలవాటు మాన్పించాడు. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ళ దగ్గర, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోబోమని రాయించాడు. ఆ సుంకం ముప్ఫయ్యో వంతు. ఏయే సరుకు వస్తుందో పోతుందో ఆ శాసనంలోనే ఉంది: చందనం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, వక్కలు.

మిరియాలు అనగానే “మిర్యాలగూడ!” అని అరిచాడు మావాడు. “పేరు కలిసినంత మాత్రాన చరిత్ర కలవదురా” అన్నాను గాని, వాళ్ళ నాయనమ్మ పుట్టింటి వైపు ఊరు కాబట్టి ఆవిడ మనవణ్ణే సమర్థించింది.

ఓరుగల్లుకి సముద్రం లేదు. అయినా ఓరుగల్లు రాజు పరాయి నావికుడికి ధైర్యం చెప్పాడు. చెప్పకపోతే చందనం రాదు, కర్పూరం రాదు, గుళ్ళో హారతి వెలగదు. లోపలి నేలకి సముద్రం ఎంత అవసరమో ఆ శాసనం చదివితే తెలుస్తుంది.

అన్నట్లు, ఆ మోటుపల్లి పేరు ప్రపంచానికి చాటినవాడు మార్కోపోలో. రాజ్యం పేరే ‘ముత్ఫిలి’ అనుకున్నాడాయన. అక్కడి వజ్రాల గురించి, సాలెగూడులాంటి సన్నని బట్టల గురించి, న్యాయం తప్పకుండా పాలించిన రాణి గురించి తెగ మెచ్చుకుంటూ రాశాడు. చరిత్రకారులు ఆ రాణిని రుద్రమదేవిగా గుర్తించారు. పోలో మాత్రం ఆవిడని చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. కూతురు సింహాసనం ఎక్కుతుందని ఆ వెనిస్ వర్తకుడి బుర్రకి తట్టలేదు కాబోలు! ఆ రుద్రమ మరణవార్త చెప్పే శాసనం ఎక్కడుందో తెలుసా? ఓరుగల్లులో కాదు. సూర్యాపేటకి హైదరాబాదు వైపున, నకిరేకల్లు దగ్గరి చందుపట్లలో. 1289లో పువ్వుల ముమ్మడి అనే అతను వేయించాడు. ఆవిడ కీర్తి సముద్రం దాటి వెనిస్‌కి పోయింది, ఆవిడ చావు కబురు మా దారి పక్క రాయిమీద నిలిచింది.

ఇంకా వెనక్కి వెళ్ళమంటారా? నల్లగొండ ప్రాంతంలోని అక్కెనపల్లిలో పదిహేను వందల పైచిలుకు రోమన్ వెండి నాణాలు ఒక్కచోటే దొరికాయి. రోము చక్రవర్తి బొమ్మ నల్లగొండ పొలంలోకి నడిచి రాలేదు కదా! ఏదో రేవులో దిగి, ఎడ్లమీదో మూపులమీదో వచ్చి ఉండాలి. సూర్యాపేట జిల్లా ఫణిగిరి కొండమీద బౌద్ధ విహారం ఉంది. అక్కడ తవ్వకాల్లో ఒక కుండనిండా 3,730 సీసపు నాణాలు దొరికినట్లు 2024లో ప్రకటించారు. ఫణిగిరి తర్వాత కృష్ణ వైపు పోతే జగ్గయ్యపేట స్తూపం, ఇంకా దిగువకి పోతే బందరు దగ్గర ఘంటసాల స్తూపం. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన ‘కొంటకొస్సిల’ అనే రేవు ఈ ఘంటసాలేనంటారు. అక్కడి శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. భిక్షువులూ బేహారులూ ఒకే దారిన నడిచారన్నమాట. కొండమీద విహారం, ఒడ్డున నావికుడు, నడుమ మా ఊళ్ళు.

సరే, కారు మునగాల దాటింది. సూర్యాపేటకీ కోదాడకీ మధ్య ఈ మునగాల కథ భలే తమాషాగా ఉంటుంది. చుట్టూ నిజాము రాజ్యం, మధ్యలో ఈ పరగణా మాత్రం కంపెనీవాళ్ళది, ఆ తర్వాత బ్రిటిషువాళ్ళది. కృష్ణా జిల్లాలో ఒక ముక్క తెగిపడి నిజాము నేలలో ద్వీపంలా ఉండిపోయింది. సూర్యాపేటవాడికి రాజధాని హైదరాబాదైతే, పక్కూరి మునగాలవాడికి జిల్లా ముఖ్యపట్నం బందరు! నీళ్ళు లేని చోట ద్వీపం అంటే ఇదే. మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారు కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టడానికి ముందు నిలిచారు. 1906లో విజ్ఞానచంద్రికా మండలి మొదలైంది. రేవు వైపు తలుపు తెరిచి ఉన్న ఇంటికి గాలి బాగా ఆడుతుందని నాకనిపిస్తుంది. 1959లో మునగాల నల్లగొండ జిల్లాలో కలిసింది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది.

కోదాడలో ఆడపడుచుని, ఆవిడ తెచ్చిన మరో రెండు సంచుల్ని ఎక్కించుకున్నాం. కోదాడ దాటితే 2014 నుంచి రాష్ట్రమే మారిపోతుంది. దారి మాత్రం మారదు. ఇప్పుడు దీన్ని 65వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు. మా తరానికి ఇది తొమ్మిదో నంబరు. పూనా నుంచి వచ్చి హైదరాబాదు, సూర్యాపేట, కోదాడ, విజయవాడ దాటి బందరులో ఆగిపోతుంది. ఎందుకాగిందంటే, ఆపైన నీళ్ళు! గోలకొండకీ దాని రేవుకీ నడుమ నడిచిన పాతబాటకి ఈ రోడ్డు మనవరాలు. హైదరాబాదు పొలిమేరలో ఉన్న హయత్‌నగర్ పేరు హయాత్ బక్షీ బేగందే. ఆవిడ మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. బందరు బాటన పోయేవాళ్ళు తలదాచుకోవడానికి అక్కడ మసీదుతోపాటు సరాయి కట్టారు. అసలు బందరు అనే మాటకే పారశీకంలో రేవు అని అర్థం. మనం ‘బందరు రేవు’ అంటే ‘రేవు రేవు’ అన్నట్లే.

17వ శతాబ్దంలో ఈ బాటన పలుమార్లు తిరిగిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే లెక్క కూడా రాసిపెట్టాడు. గోలకొండ నుంచి బందరుకి తిన్నగా పోతే 100 క్రోసులు, కొల్లూరు వజ్రాల గని మీదుగా పోతే 112. ఆయన సాధారణంగా ఆ 112 క్రోసుల దారే పట్టేవాడట. పన్నెండు క్రోసులు చుట్టు తిరిగితే వజ్రాలు దొరుకుతాయంటే ఎవరు తిరగరు చెప్పండి? మా వారే కిలోమీటరుకి ఖర్చెంతో లెక్కగట్టి, తానైనా అటే పోయేవాణ్ణని ఒప్పుకున్నారు. ఆడామగా పిల్లాపెద్దా కలిసి దాదాపు 60,000 మంది ఆ గనిలో పనిచేస్తున్నారని టావెర్నియే రాశాడు. కృష్ణ ఒడ్డున, మా జిల్లాకి ఆవలిగట్టున ఉన్న ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద మునిగి ఉంది. వజ్రాలు తీసిన గుంటలమీద ఇప్పుడు నీళ్ళు ఉన్నాయి. ఎండిన ఏడు వాటి విలువ వజ్రాలకి తక్కువేం కాదు.

కుటుంబంతో రేవు చూడ్డానికి పోవడం మేమే కనిపెట్టామనుకున్నారు పిల్లలు. గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా 1639లోనే ఆ పని చేశాడు. పరివారాన్ని వెంటబెట్టుకుని బందరు వెళ్ళి తన రేవుని కళ్ళారా చూసుకున్నాడు. చివరి సుల్తాను తానీషా కూడా ఆ వైపు వెళ్ళాడు. దారిలో కూచిపూడివాళ్ళ ఆట చూసి మెచ్చి, ఆ ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకుంటారు. “రాజులు కాబట్టి ఊర్లు ఇచ్చిన్రు. మనమేమిద్దాం?” అంది మా ఆడపడుచు. “బందరు లడ్డూ కొందాం” అన్నాడు మావాడు.

విజయవాడ దాటాక బందరు కాలవ మాకు తోడొచ్చింది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక ఆ కాలవల్లో నీళ్ళతోపాటు సరుకుల పడవలూ నడిచాయి. పొలాలు, కొబ్బరిచెట్లు, కాలవగట్టున కొంగలు. మధ్యాహ్నానికి బందరు చేరాం.

ఊరు చూస్తే, ఒకప్పుడు ప్రపంచమంతా ఇక్కడ దిగిందంటే నమ్మబుద్ధి కాదు. డచ్చివాళ్ళు 1605లో వచ్చారు. 1611లో గ్లోబ్ అనే ఓడ దిగి, ఈ తీరంలో ఇంగ్లీషువాళ్ళ మొట్టమొదటి వర్తకశాల ఇక్కడే పెట్టారు. ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళు. ఈ ఊళ్ళో ఇళ్ళన్నీ కర్రవేనని టావెర్నియే పెదవి విరిచాడు గాని, బంగాళాఖాతంలో ఇంత మంచి లంగరు తావు లేదన్నాడు. పెగూ, సయాం, అరకాన్, మక్కా, ఆర్ముజ్, సుమత్రా, మనీలా... ఇక్కడి నుంచి ఓడలు పోని చోటు లేదు. చిరివేరుతో ఎర్రరంగు దిద్దిన కలంకారీ బట్టలు, నీలిమందు, ఇనుము, ఉక్కు ఎక్కేవి. ఆ సరుకంతా సముద్రపొడ్డున పండిందా? ఖమ్మం దగ్గరి నాగులవంచలో డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలో వర్తకశాల పెట్టుకున్నారంటేనే అర్థం చేసుకోవచ్చు, సరుకు ఎంత లోపలినుంచి వచ్చేదో. నేసిన చెయ్యి ఒకచోట, రంగువేసిన చెయ్యి మరోచోట, పేరు మాత్రం రేవుది.

డచ్చివాళ్ళ సమాధులు చూసి మా అత్తమ్మ కాసేపు మాట్లాడలేదు. రాళ్ళమీద ఎంతో నగిషీగా వంశచిహ్నాలు చెక్కి ఉన్నాయి. “ఎక్కడ పుట్టిన్రో, ఎక్కడ పోయిన్రో. తల్లులకు కబురన్న అందిందో లేదో” అంది. నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

గోలకొండ 1687లో ఔరంగజేబు చేతికి పోయింది. 1759లో బందరు కోటని ఫ్రెంచివాళ్ళ దగ్గరనుంచి ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నారు. 1766 తర్వాత కోస్తా సర్కార్లు నిజాము చేజారాయి. అక్కడితో మా రాజ్యానికి సముద్రపు తలుపు మూసుకుంది. 1802లో కంపెనీతో చేసుకున్న వర్తకపు ఒడంబడికలో నిజాము బందరు రేవుని వాడుకునే హక్కు రాయించుకున్నాడు. ఒకప్పుడు తమదైన వాకిట్లోకి పోవడానికే కాగితం రాయించుకోవలసి వచ్చింది! మాకు సముద్రం లేదన్న మాట అప్పుడు పుట్టిందే. అంతకుముందు వెయ్యేళ్ళకి పైగా మాకు సముద్రం ఉంది.

రేవుని రాజులకన్నా గట్టిగా దెబ్బకొట్టింది సముద్రమే. 1864 నవంబరు 1న వచ్చిన తుఫానులో ఉప్పెన లేచి మైళ్ళకొద్దీ లోపలికి వచ్చింది. ఊళ్ళోనూ చుట్టుపక్కలా సుమారు 30,000 మంది పోయారు. పైగా మేట. ఒండ్రు పూడి, పెద్ద ఓడలు మైళ్ళ దూరాన లంగరు వేసుకుంటే, చిన్న పడవలమీద సరుకు దించాల్సి వచ్చేది. రైళ్ళు వచ్చి సరుకు దారి మళ్ళించాయి. 1933లో విశాఖపట్నం ఓడరేవు తెరిచాక ఇక బందరు సంగతి చెప్పేదేముంది?

అయితే రేవు చచ్చిపోలేదు. మర్నాడు తెల్లవారకముందే గిలకలదిండి వెళ్ళి చూశాం.

అబ్బ, ఏం సందడి! రంగురంగుల మరబోట్లు ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని నిలబడ్డాయి. ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు, వేలంపాట కేకలు, బుట్టలమీద బుట్టలు. వంజరం, చందువా, కానాగంతలు, రొయ్యలు, గిజగిజలాడే పీతలు. ఇక పైన పక్షులు. తెల్లని మెడ, ఇటికరంగు రెక్కల గరుడపక్షి గిరికీలు కొట్టి, నీళ్ళమీద తేలే చేపముక్కని కాళ్ళతో లటుక్కున ఎత్తుకుపోయింది. వలలు దులిపేచోట కొంగలు, వేలంపాటలో తమకీ వాటా ఉన్నట్లు, బెదరకుండా నిలబడ్డాయి. బోటుకీ బోటుకీ మధ్య పిల్లులు కాపలా. “ఇక్కడ మనుషులకన్నా వీటికే టైము బాగా తెలుసు” అంది మా అమ్మాయి.

బోట్లు అన్నిటికీ ఒకేసారి బయలుదేరే వీలు లేదట. మొగలో మేట వేసి లోతు తక్కువ. పోటు వచ్చేదాకా ఆగాలి. సుల్తాను వచ్చినా సరంగు వచ్చినా ఇక్కడ పెత్తనం పోటుదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట బందు. చేపలు గుడ్లుపెట్టే రోజులని.

మా అత్తమ్మ చేపలమ్మే ఒకావిడ పక్కన పీటేసుకున్నట్లే కూర్చుంది. “యే ఊరు వదినా మీది?” అని ఆవిడ అడిగింది. సూర్యాపేట అనగానే, “హైదరాబాదు రోడ్డు కదా! మా సరుకు రాత్రికి రాత్రి మీ ఊరిమీదుగానే పోద్ది” అంది. ఐసు పెట్టెల లారీలు మేము నిద్రపోయేవేళ మా వీధి చివరినుంచే వెళుతున్నాయన్నమాట. వజ్రాలు పోయాయి, కలంకారీ మూటలు పోయాయి, చేపలు నడుస్తున్నాయి. బాట మాత్రం ఖాళీగా లేదు. “ఉప్పెన అంటే భయం లేదా?” అని మా అత్తమ్మ అడిగింది. “భయపడితే పొయ్యి వెలగదు కదా వదినా” అంది ఆవిడ, చేప పొలుసు గీరుతూనే.

అక్కణ్ణుంచి హంసలదీవి. కృష్ణ సముద్రంలో కలిసే చోటు. వేణుగోపాలస్వామి గుడిలో దండం పెట్టుకుని, పాలకాయతిప్ప వైపు వెళ్ళాం. ఇదంతా కృష్ణా అభయారణ్యం పరిధి. 1989లో ప్రకటించారు. సుమారు 195 చదరపు కిలోమీటర్లు. అడవి అంటే మా వాళ్ళు ఎత్తయిన చెట్లు ఊహించుకున్నారు. ఇక్కడేమో మడచెట్లు బురదలో కాళ్ళు పాతుకుని, ఊపిరికోసం వేళ్ళని మేకుల్లా బురదలోంచి పైకి పొడుచుకుని నిలబడ్డాయి. ఒక్క పెద్ద డెక్కతో పోట్లాటకి పిలుస్తున్నట్లు ఊపే చిన్న పీతలు, బురదమీద గెంతే చేపలు. చేపలు పట్టితినే బావురుపిల్లి ఇక్కడ ఉంటుంది. రాత్రిపూట తిరిగే జంతువు. మాకు కనిపించలేదు గాని, అటవీశాఖ కాపలాదారు బురదలో దాని అడుగుజాడలు చూపించాడు. మావాడు దాని పక్కన తన అరచెయ్యి పెట్టి కొలుచుకున్నాడు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ రోజుల్లోనే ఒడ్డుకి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లని ఏరి, దడి కట్టిన చోట పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతారు.

ఇక్కడే 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. పదివేలమందికి పైగా పోయారు. ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మడ అడవి దట్టంగా ఉన్నచోట అల జోరు తగ్గుతుంది. ఈ బురద చెట్లని వంటచెరుకని కొట్టేసినంతకాలం ఆ సంగతి ఎవరికి పట్టింది?

మా అత్తమ్మ నీళ్ళలో పాదాలు తడుపుకుని, అలని చూసి రెండడుగులు వెనక్కి వేసి, నన్నడిగింది: “ఇండ్ల మన మూసీ నీళ్ళున్నయా బిడ్డా?”

ఉన్నాయి. హైదరాబాదు దాటి, సూర్యాపేట పక్కనుంచి పారి, మిర్యాలగూడ దగ్గర వాడపల్లిలో మూసీ కృష్ణలో కలుస్తుంది. చిన్నప్పుడు ఆవిడ మునకలు వేసిన సంగమం అది. అక్కడ అగస్త్యేశ్వరుడు, ఇక్కడ వేణుగోపాలుడు. నది పొడుగునా దేవుళ్ళని పెట్టుకున్నాం, సరే. మరి ఆ నదిలో పట్నం మురుగు కలిపి పంపిస్తున్నదీ మనమే కదా!

ఇంకో సంగతి ఉంది. నాగార్జునసాగర్ ఎడమకాలవ 1967లో పారాకే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పచ్చబడ్డాయి. మా ఇళ్ళల్లో జొన్న గటక పోయి వరన్నం వచ్చింది ఆ నీళ్ళతోనే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ నీళ్ళు వద్దనే ధైర్యం నాకు లేదు. అయితే నది ఒట్టి నీళ్ళని మాత్రమే తేదు, ఒండ్రు కూడా తెస్తుంది. వేల ఏళ్ళుగా ఆ ఒండ్రు పేరుకునే ఈ దివిసీమ పుట్టింది. ఆనకట్టలు లేచాక ఒండ్రులో చాలా భాగం జలాశయాల్లోనే ఆగిపోతోందని, డెల్టా అంచుని కొన్నిచోట్ల సముద్రం కోసేస్తోందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మా పళ్ళెంలో అన్నానికీ, ఈ మడచెట్టు కింద బురదకీ లెక్క ముడిపడే ఉంది. “ఇప్పుడు చెప్పండి, ఇది మన రేవు అవునా కాదా?” అన్నాను మా వారితో. లెక్క కుదిరిందన్నట్లు తలూపారు.

2023 మే 22న బందరులో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. 2025లో తెలంగాణ బియ్యం కాకినాడలో ఓడెక్కి ఫిలిప్పీన్స్ వెళ్ళింది. మనీలాకి మళ్ళీ మన సరుకే! రేపు బందరు నుంచి మా మిర్యాలగూడ బియ్యం ఓడెక్కితే నాకూ సంతోషమే. పాతబాటకి మళ్ళీ పని దొరుకుతుంది. కాని ఓడకి లోతు కావాలి, బోటుకి మొగ కావాలి, తాబేలుకి చీకటి ఇసుక కావాలి, బావురుపిల్లికి బురద కావాలి. ప్రాణానికి తెగించి వచ్చినవాడి సొత్తు ముట్టుకోబోమని ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఒక రాజు రాయిమీద రాయించాడు. ఈ ఒడ్డునే నమ్ముకున్న జాలర్లకీ, నోరులేని వాటికీ అలాంటి అభయశాసనం ఒకటి కావాలి. రాజులు లేరు కాబట్టి రాయించుకోవలసింది మనమే.

మీరూ వెళ్ళి రండి. ముందు పిల్లలమర్రి, వీలైతే ఫణిగిరి పిల్లలకి చూపించి మరీ తీసుకెళ్ళండి. మాఘపౌర్ణమికి హంసలదీవిలో జనం కిక్కిరిసి ఉంటారు. దానికి అటో ఇటో పెట్టుకుంటే ఒడ్డు తీరిగ్గా చూడొచ్చు. చీకటిపడ్డాక ఇసుకమీద దీపాలు వెయ్యకండి, తాబేళ్ళు బెదురుతాయి.

మా అత్తమ్మ ఈమధ్య వాడపల్లి వెళ్ళినప్పుడు ఎవరో పూలదండతోపాటు ప్లాస్టిక్ సంచీని కూడా నీళ్ళలో వేయబోయారట. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, “సంచి ఇటియ్యి బిడ్డా, బందరుల తాబేలు తింటది” అందట. వాళ్ళకి అర్థం కాలేదుట. ఆవిడ గట్టుమీద కూర్చోబెట్టి దారి మొత్తం చెప్పింది.